అటక మీది క్యారమ్ బోర్డు

రోజూ నాగోలు నుంచి రాయదుర్గానికి మెట్రోలో వెళ్లొస్తాను. ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. అన్నం తిని సోఫాలో కూలబడి పదకొండింటి దాకా ఫోన్ చూడటమే నాకు తెలిసిన విశ్రాంతి. పొద్దున లేస్తే మళ్లీ అదే నీరసం, అదే చిరాకు.

మొదట జిమ్‌కి ఏడాది డబ్బులు ఒకేసారి కట్టాను. తొమ్మిది రోజులు వెళ్లాను. అది సరదా కాదు, రెండో డ్యూటీ.

దసరాకి ఇల్లు దులుపుతుంటే అటక మీద పాత క్యారమ్ బోర్డు కనిపించింది. ఒక మూల ఉబ్బింది. తొమ్మిది తెల్లకాయల్లో ఒకటి లేదు, దాని బదులు చొక్కా గుండీ పెట్టాం. బోరిక్ పౌడర్ చల్లి అరచేత్తో రుద్దగానే స్ట్రైకర్ సర్రున జారింది. ఆ చప్పుడు విని మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది.

అసలు కిటుకేంటంటే, బోర్డును మళ్లీ అటకెక్కించలేదు. హాల్లోనే గోడకు ఆనించి ఉంచాం. కళ్లెదురుగా ఉంటే చేతులు ఊరుకోవు. తొమ్మిదింటికి ఫోన్లన్నీ ఫ్రిజ్ మీదకి. అరగంట ఫోన్ ఎత్తనని ఆఫీసులో చెప్పడానికి వారం తటపటాయించాను. తీరా చెబితే ఎవరూ పట్టించుకోలేదు!

నెలాఖరులో పని ఎక్కువై రెండు మూడు రోజులు తప్పుతుంది. తప్పితే తప్పిందిలే అనుకుంటాం.

నిన్న మా పాప రెడ్ వేసి, వెంటనే దాన్ని ఖాయం చేసే ఫాలో కాయ కూడా వేసింది. నేను వేలికంటిన పౌడర్ తుడుచుకుంటూ ఇంకో బోర్డు ఆడదామని బతిమాలాను. తనకి నిద్రొస్తోందట.