టి వాడాలా, జెడ్ వాడాలా?

నమూనా సగటును బట్టి సమష్టి (నమూనాను తీసిన మొత్తం సమూహం) సగటు గురించి ఏదైనా చెప్పవలసి వచ్చినప్పుడు, నార్మల్ విభాజనం (గంట ఆకారపు వక్రరేఖ) నుంచి వచ్చే జెడ్ పట్టిక చూడాలా, టి విభాజనం నుంచి వచ్చే టి పట్టిక చూడాలా అన్న సందేహం విద్యార్థులకు తరచుగా వస్తుంది. ‘నమూనా పరిమాణం 30 దాటితే జెడ్, లేకపోతే టి’ అని చాలామంది బట్టీ పట్టి ఉంటారు. పరీక్ష గట్టెక్కడానికి అది సరిపోవచ్చు గానీ, ముందుగా తేల్చుకోవలసినది వేరే ఉంది. సమష్టి ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), అంటే సిగ్మా, మనకు బయటి నుంచి తెలిసిందా, లేక ఈ నమూనా నుంచే దాన్ని అంచనా కట్టామా?

సిగ్మా నిజంగా తెలిసి, దత్తాంశం నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తుంటే, నమూనాలో ఐదు విలువలే ఉన్నా జెడ్ వాడవచ్చు. అయితే సగటు తెలియకుండా సిగ్మా మాత్రం తెలిసే సందర్భాలు పాఠ్యపుస్తకాల్లో కనిపించినంత తరచుగా బయట కనిపించవు. ఒకే పరికరంతో ఏళ్ల తరబడి కొలతలు తీసి, దాని హెచ్చుతగ్గులు ఎంతో స్థిరపడినచోట అలా తెలిసే అవకాశం ఉంటుంది. మిగిలిన చోట్ల మన చేతిలో ఉండేది నమూనా విచలనమే, అదేమో నమూనా మారినప్పుడల్లా మారుతుంది. ఈ అదనపు అనిశ్చితిని లెక్కలోకి తీసుకోవడానికే టి విభాజనం పుట్టింది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేస్తూ, చిన్న చిన్న నమూనాలతోనే నెట్టుకురావలసి వచ్చిన విలియం గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో దీన్ని ప్రచురించాడు.

ఒక లెక్క చేసి చూద్దాం. నమూనాలో 16 విలువలున్నాయి, వాటి సగటు 52, నమూనా విచలనం 8. ఎనిమిదిని 16 వర్గమూలమైన 4తో భాగిస్తే ప్రామాణిక దోషం, అంటే నమూనా సగటులో ఉండగల హెచ్చుతగ్గుల కొలత, 2 వస్తుంది. సమష్టి సగటు 48 అన్న శూన్య పరికల్పనను (తప్పని తేలేదాకా నిజమనుకునే ఊహను) 5 శాతం స్థాయిలో, అంటే అది నిజమైనా తిరస్కరించే అవకాశం 5 శాతానికి మించకుండా, రెండు వైపులా పరీక్షిస్తే, 52కూ 48కీ ఉన్న తేడాను 2తో భాగించగా వచ్చే విలువ 2.00. జెడ్ హద్దు 1.96, మన విలువ దాన్ని దాటింది కాబట్టి, ఆ పట్టిక చూసినవారు పరికల్పనను తిరస్కరిస్తారు. విచలనం నమూనా నుంచి వచ్చింది గనుక నిజానికి చూడవలసినది టి పట్టికలో 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వరుస, అంటే నమూనా పరిమాణం కంటే ఒకటి తక్కువ. అక్కడ హద్దు 2.131, కాబట్టి తిరస్కరించడానికి వీల్లేదు. దత్తాంశం ఒక్కటే అయినా తీర్పు తారుమారైంది.

నమూనా ఇంకా చిన్నదైతే నష్టం పెరుగుతుంది. ఐదు విలువలకు టి హద్దు 2.776, అక్కడ 1.96 వాడితే, 95 శాతం అని మనం చెప్పుకునే విశ్వాస అంతరం (సమష్టి సగటు ఉండగల పరిధి) నిజానికి సుమారు 88 శాతమే అవుతుంది. పెద్ద నమూనాలకు తేడా కరిగిపోతుంది: 30 విలువలకు 2.045, 121 విలువలకు 1.980. పాత 30 సూత్రానికి మూలం ఈ దగ్గరితనమే తప్ప 30 దగ్గర గీత ఏదీ లేదు. ముద్రించిన పట్టికలతో కుస్తీ పట్టే రోజుల్లో ఆ సౌలభ్యం అవసరమై ఉండవచ్చు, కంప్యూటర్ ఉన్నప్పుడు మాత్రం విచలనం నమూనా నుంచి వస్తే పరిమాణం ఎంతైనా టి వాడటమే మేలు.

నిష్పత్తుల విషయంలో ఇది వర్తించదు. ‘అవును, కాదు’ జవాబుల్లో విచలనం నిష్పత్తి నుంచే వచ్చేస్తుంది, విడిగా అంచనా కట్టవలసిన పని లేదు. అందుకే అక్కడ జెడ్ వాడతారు, రెండు రకాల జవాబులూ కనీసం పదేసి ఉండేలా చూసుకుంటారు. అలాగే, చిన్న నమూనాలో ఒకటి రెండు విలువలు మరీ దూరంగా ఉంటే టి కూడా ఆదుకోదు, కాబట్టి ముందు గ్రాఫ్ గీసి చూడాలి.

ఎక్సెల్‌లో లెక్కించేవారు కాన్ఫిడెన్స్.నార్మ్, కాన్ఫిడెన్స్.టి అనే రెండు ఫంక్షన్లను గమనించాలి. రెండూ విచలనాన్ని అడుగుతాయి, కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగవు. నమూనా విచలనాన్ని మొదటిదానికి ఇచ్చినా అది ఏ హెచ్చరికా లేకుండా ఇరుకైన అంతరాన్ని చూపిస్తుంది.