పాత పట్టుచీర అంచుతో చోకర్, మువ్వలతో కమ్మలు: చేయడం ఎలా, అమ్మడం ఎలా

చిరిగిన పట్టుచీరలు, తెగిపోయిన పూసల దండలు, ఎప్పటివో గజ్జెల మువ్వలు ప్రతి ఇంట్లో ఉంటాయి, వాటితో నగలు చేసి అమ్మొచ్చు కూడా. కానీ కత్తెర పట్టుకునే ముందు అంచులోంచి ఒక జరీ పోగు లాగి, పైన చుట్టిన తీగ గోటితో విప్పి చూడండి. లోపల ఎర్ర దారం కనిపిస్తే అసలు వెండి జరీ అయ్యే ఛాన్స్ ఉంది (ఇమిటేషన్‌లో కూడా ఎర్ర దారం వేస్తారు కాబట్టి గ్యారంటీ కాదు), అలాంటి చీరని ముందు పాత జరీ కొనేవాళ్ళకి చూపించి రేటు అడగండి. వెండి ఉన్నదని తేలితే మీరు చేసే చోకర్ (మెడకి అంటిపెట్టుకుని ఉండే హారం) కన్నా ఆ చీరే ఎక్కువ పలకొచ్చు, ముక్కలు చేశాక ఏం లాభం.

ఇంట్లో సరుకు అయిపోతే హైదరాబాద్ వాళ్ళకి జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత ఉన్నాయి, పొద్దున్నే వెళ్తే మంచివి దొరుకుతాయి. పాత చీరలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే వాళ్ళని కూడా అడిగి చూడండి, వాళ్ళ మూటల్లో ఒక్కోసారి భలే అంచులుంటాయి. హుక్కులు, జంప్ రింగులు (ముక్కల్ని కలిపే చిన్న తీగ రింగులు), కొత్త పూసలు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకోవచ్చు.

కొన్నింటి జోలికి మాత్రం అస్సలు పోవద్దు. తాతల నాటి పులిగోరు లాకెట్టు, ఏనుగు దంతం గాజు ఎంత పాతవైనా అమ్మితే వన్యప్రాణి చట్టం కింద కేసే. నాణేలకి బెజ్జాలు వేయడం, కరిగించడం కూడా వద్దు, 2011 కాయినేజ్ చట్టం ఉంది, కాసులు కావాలంటే ఇమిటేషన్ కాసులు బోలెడు దొరుకుతాయి. వందేళ్ళు దాటిన వస్తువులు 1972 పురావస్తు చట్టం కిందకి రావొచ్చు, అమెరికాలో ఉన్న పిన్నిగారు అడిగారు కదా అని పార్సిల్ చేసేయకండి.

శుభ్రం చేయడం. ఇత్తడి మువ్వలు చింతపండు గుజ్జులో కాసేపు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి వెంటనే తుడిచేయాలి, తడి ఉంటే మళ్ళీ నల్లబడతాయి. గాజు పూసలకి గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. ముత్యాలు నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడవడమే. లోపల లక్క నింపిన పాత గుండ్లని వేడినీళ్ళలో వేస్తే లక్క మెత్తబడి గుండు సొట్టపోతుంది.

ఇక చోకర్. అంచు ఒకటిన్నర అంగుళం వెడల్పు, పన్నెండు అంగుళాల పొడవు వచ్చేలా తీసుకోండి, చుట్టూ మడతకి అర అంగుళం అదనం. పాత పట్టు మడతల దగ్గర పిగిలిపోతుంది కాబట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూసి పిగిలిన చోటు వదిలేయండి. వెనక అతికే బక్రమ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే బిరుసు గుడ్డ) పెట్టి ఇస్త్రీ చేయాలి, జరీ మీద డైరెక్ట్‌గా ఇస్త్రీ పెట్టె పెట్టొద్దు, మధ్యలో కాటన్ గుడ్డ వేయండి, ఇమిటేషన్ జరీ అయితే కాలి ముడుచుకుపోతుంది. తర్వాత అంచులు మడిచి, మెడకి తగిలే వైపు మెత్తటి కాటన్ గుడ్డ వేసి చేత్తో చుట్టుకుట్టు వేయండి. కింద అర అంగుళానికొక మువ్వ, డబుల్ దారంతో, ఒక్కో మువ్వకి విడిగా ముడి (ఒకే దారంతో లాగిస్తే ఒకటి తెగిందంటే అన్నీ రాలతాయి). రెండు చివర్ల డోరీ (కట్టుకునే తాడు) కుడితే అయిపోయింది, డోరీ వల్ల ఏ మెడకైనా సరిపోతుంది.

కమ్మలకి 24 గేజ్ (సుమారు అర మిల్లీమీటరు మందం) తీగలో పూస ఎక్కించి, రౌండ్ ప్లయర్ (గుండ్రటి మూతి పట్టకారు)తో లూప్ తిప్పి, మిగిలిన తీగ తోక రెండు మూడు చుట్లు చుట్టి కట్ చేయాలి. జంప్ రింగ్‌ని వెడల్పుగా లాగి తెరవొద్దు, పక్కకి తిప్పి తెరిచి అలాగే మూయాలి, లేకపోతే గుండ్రం పోయి మువ్వ జారిపోతుంది. చెవిలో పెట్టే హుక్కు మాత్రం పాతది వద్దు, 92.5 శాతం వెండి గానీ సర్జికల్ స్టీల్ గానీ కొత్తది వేయండి, నికెల్ పడక చెవులు పుండ్లు పడేవాళ్ళు చాలామంది. పాత చవక నగల లోహంలో సీసం ఉండొచ్చు, చిన్నపిల్లలకి అవి చేయొద్దు.

రేటు దగ్గరే అందరూ మొహమాటపడతారు. ఉదాహరణకి మువ్వలు, గుడ్డ, డోరీ 90, ప్యాకింగ్ 30, రెండు గంటల పని గంటకి 100 చొప్పున 200, మొత్తం 320. మీకు పడిందే 320 అయితే 350కి అమ్మడం ఏంటండీ, 500 పెట్టండి. పాత సరుకు ఇంట్లోదే కదా అని దానికి సున్నా వేయకండి, రేపు అది కొనాల్సి వస్తుంది.

ప్రతి పీసూ ఒక్కటే ఉంటుంది కాబట్టి దేనికది ఫోటో తీయాలి, పొద్దున కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి. ఏది పాతది, ఏది కొత్తది, ఎక్కడ రంగు వెలిసింది అన్నీ రాసేయండి, మరక ఉంటే దగ్గర్నుంచి ఇంకో ఫోటో. శ్రావణమాసం, దసరా గిరాకీ కోసం రెండు నెలల ముందు నుంచే చేసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో ఇద్దరు ఒకే పీస్ అడిగితే ఎవరు ముందు డబ్బులు వేస్తే వాళ్ళకే, "ఉంచండి అక్కా సాయంత్రం వేస్తా" అన్నవాళ్ళకి టైమ్ చెప్పేయండి. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం ఒప్పుకోవద్దు, పార్సిల్ తిరిగొస్తే రానూపోనూ చార్జీలు మీవే, పైగా ఆ పీస్ పండగ దాటాకే మీ చేతికి వస్తుంది.