డ్యూరియల్‌కి అడ్డం పెట్టిన మట్టి గోలెమ్

డయాబ్లో 2 (2000) కంప్యూటర్ గేమ్‌లో రెండో అంకం చివర వచ్చే పెద్ద రాక్షసుడు డ్యూరియల్ దగ్గర నా నెక్రోమాన్సర్ (శవాల్ని లేపి తన తరఫున పోరాడించే మాంత్రికుడు) ఆగిపోయాడు. డ్యూరియల్ బలం ఒక ఎత్తు, వాడుండే గది ఒక ఎత్తు. హొరాడ్రిక్ కర్రతో సమాధి గోడ తెరుచుకున్నాక లోపలికి దూకితే వాడు ఎదురుగానే ఉంటాడు, పరిగెత్తే చోటుండదు. పైగా వాడి చుట్టూ ఉండే హోలీ ఫ్రీజ్ ఆరా (దగ్గరికొచ్చినవాళ్లని చలితో నెమ్మదింపజేసే శక్తి) వల్ల బురదలో దిగబడ్డ గేదెలా కదులుతాం. గదిలో వేరే శవాలుండవు కాబట్టి కూలిన అస్థిపంజరాల బదులు కొత్తవి లేపలేం. నెక్రోమాన్సర్‌కి ఇంతకంటే అన్యాయం ఏముంది!

గట్టెక్కించింది క్లే గోలెమ్, అంటే నెక్రోమాన్సర్ మంత్రంతో పుట్టించే మట్టి బొమ్మ. దాని దెబ్బ పెద్దదేం కాదు, కానీ తగిలినవాడు నెమ్మదిస్తాడు. లోపలికి దిగగానే డ్యూరియల్ పక్కన గోలెమ్‌ని నిలబెట్టి, వాడి మీద ఆంప్లిఫై డ్యామేజ్ (తగిలే దెబ్బల్ని పెంచే) శాపం వేశాను. దాంతో అస్థిపంజరాల దెబ్బలకీ, కిరాయి సైనికుడి ఈటెకీ పదును పెరిగింది. గోలెమ్ కూలిన క్షణంలోనే ఇంకోటి. దీనికి శవం అక్కర్లేదు, మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) ఉంటే చాలు. అందుకే బెల్టులో మానా నింపే నీలం సీసాలు ఎక్కువ పెట్టుకోవాలి.

రెండో అంకంలోని ఊరు లట్ ఘోలీన్‌లో లిసాండర్ అమ్మే థావింగ్ పోషన్లు (చలిని తట్టుకునే మందులు) ముందే తాగితే చలి దెబ్బ తగ్గుతుంది. లోపలికి దిగేముందు గోడ దగ్గరే టౌన్ పోర్టల్ (ఊరికి వెళ్లి రావడానికి మాయాద్వారం) తెరిచి ఉంచండి. చచ్చినా సమాధంతా మళ్లీ నడవక్కర్లేదు.

మంత్రగత్తె సోర్సరెస్‌తో ఆడేవాళ్లకైతే శత్రువు ప్రాణంలో కొంత భాగాన్ని ఒక్కసారే కోసేసే స్టాటిక్ ఫీల్డ్ మంత్రం ఉంది, వాళ్లకి ఈ గోలంతా లేదు.