టవర్ స్పీకర్లకు కేబుళ్లు మార్చే పద్ధతి

నేల మీద నిలబెట్టే టవర్ స్పీకర్లకు కేబుల్ మార్చేటప్పుడు తీగ బిగించడానికి రెండు నిమిషాలు చాలు; ఆ తీగ బిగించే చోటికి చేరుకోవడమే కష్టం. చాలా స్పీకర్లలో బైండింగ్ పోస్టులు, అంటే తీగ బిగించే ఎరుపు, నలుపు మరలు, పెట్టె వెనుక, నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. ఇరవై ముప్ఫై కిలోల పెట్టె గోడకు దగ్గరగా ఉన్నప్పుడు, దాని వెనక్కి ఒంగి, ఏది ఎరుపో ఏది నలుపో చీకట్లో తడుముకోవలసి వస్తుంది. అందుకే ఈ పనిని ఒకసారి చేస్తే మళ్ళీ స్పీకర్‌ను కదపనవసరం లేకుండా చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందుగా యాంప్లిఫయర్‌ను ఆపి, ప్లగ్గును గోడ సాకెట్ నుంచి పీకి, కొన్ని నిమిషాలు ఆగండి. స్పీకర్‌ను కదిపే ముందు దాని ముందు మూలలు రెండూ నేలను తాకే చోట మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి. స్పీకర్‌ను వినేవారి వైపు ఎంత తిప్పి ఉంచారో కంటితో గుర్తుంచుకోవడం అసాధ్యం. కొద్ది డిగ్రీల తేడా వచ్చినా గాయకుడి గొంతు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. పోస్టుల దగ్గర పాత కనెక్షన్లను ఫోనుతో ఫొటో తీసుకోండి.

అడుగున స్పైకులు (మొనదేలిన కాళ్ళు) ఉన్న స్పీకర్‌ను ఒక్కరే కదపకండి. ఒకవైపుకు వాల్చినప్పుడు బరువంతా ఒకటి రెండు స్పైకుల మీద పడి నేల గీసుకుపోతుంది, పట్టు తప్పితే పెట్టె పడిపోతుంది. ఇద్దరు కలిసి ఎత్తి, మందపాటి దుప్పటి మీదికి దింపి, వెనుక భాగం వెలుతురు వైపు వచ్చేలా తిప్పుకోవడం మేలు. తిరిగి నిలబెట్టేటప్పుడు స్పైకు కేబుల్ మీద దిగితే ఇన్సులేషన్ చీలి లోపల తీగలు కలిసిపోవచ్చు కాబట్టి, దింపే ముందు కేబుల్‌ను పక్కకు లాగి పట్టుకునే పని ఒకరికి అప్పగించండి.

కేబుల్ ఎంపిక గురించి అనవసరంగా బెంగపడుతుంటారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ ఐదు మీటర్ల పొడవుంటే, రానూపోనూ కలిపి దాని నిరోధం సుమారు 0.07 ఓములు. ఎనిమిది ఓముల స్పీకర్ ముందు అది ఒక శాతం కూడా కాదు. రెండు కేబుళ్లను పోల్చి వినాలని పదే పదే మార్చేవారికి ఒక్క మాట: ఒకటి తీసి ఇంకొకటి బిగించేసరికి పది నిమిషాలు గడుస్తాయి, స్పీకర్ కాస్త జరుగుతుంది, అంతసేపు శబ్దంలోని సూక్ష్మమైన తేడాను చెవి గుర్తుంచుకోలేదు. అలాంటి పోలిక నుంచి వచ్చే తీర్పును నేను నమ్మను.

అంతకన్నా పొడవు గురించి ఆలోచించండి. స్పీకర్ వెనుక కనీసం అర మీటరు మిగులు ఉంటే, ఇకముందు దాన్ని ముందుకు లాగినా కేబుల్ తెగిరాదు. రెండు చివర్లకూ బనానా ప్లగ్గులు (పోస్టు రంధ్రంలోకి నేరుగా దూరే పిన్నులు) అమర్చండి, ఎందుకంటే తర్వాత ఎప్పుడైనా తీయవలసి వస్తే చేయి మాత్రమే వెనక్కి పెట్టి లాగవచ్చు. కొన్ని పోస్టుల రంధ్రాల్లో చిన్న ప్లాస్టిక్ బిరడాలు ఉంటాయి. వాటిని తీస్తేనే ప్లగ్గు లోపలికి వెళుతుంది. ప్లగ్గులు వద్దనుకుంటే పది పన్నెండు మిల్లీమీటర్ల ఇన్సులేషన్ తీసి, పోగులన్నిటినీ గట్టిగా మెలిపెట్టి దూర్చండి. బయట మిగిలిన ఒక్క పోగు పక్క పోస్టును తాకినా షార్ట్ అవుతుంది, యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. పాత కేబుల్‌నే మళ్ళీ వాడుతుంటే నల్లబడిన, పచ్చబడిన రాగిని కత్తిరించేయండి.

పోస్టును వేళ్ళతోనే బిగించాలి. పట్టకారుతో తిప్పితే పోస్టు మొత్తం గుండ్రంగా తిరిగి లోపలి తీగ ఊడిపోవచ్చు, అప్పుడు పెట్టె విప్పవలసి వస్తుంది. నాలుగు పోస్టులున్న స్పీకర్లలో పై జతనూ కింది జతనూ కలిపే జంపర్లను, ఒకే కేబుల్ వాడేటప్పుడు తప్పక తిరిగి పెట్టండి. అవి లేకపోతే ట్వీటర్ (సన్నని స్వరాలు పలికేది) గానీ వూఫర్ (బాస్ పలికేది) గానీ మూగబోతుంది, లోపం స్పీకర్‌దేమోనని మీరు కంగారుపడతారు.

స్పీకర్‌ను గోడ దగ్గరికి జరపకముందే పరీక్షించండి. యాంప్లిఫయర్ వైపు చివరను ఇంకా కలపకుండా, అక్కడ మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. ఎనిమిది ఓముల స్పీకర్ అయితే సాధారణంగా అయిదు నుంచి ఏడు ఓముల వరకు కనిపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, ఏమీ చూపకపోతే తీగ అందనట్టు. ధ్రువాలు సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి అదే చివర 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించవచ్చు: ప్లస్ ఎరుపుకు తగిలినప్పుడు వూఫర్ సాధారణంగా ముందుకు కదులుతుంది. రెండు స్పీకర్లలోనూ కదలిక ఒకే వైపు ఉండాలి. ఒకటి తిరగబడితే బాస్ పలచబడుతుంది, గొంతు గదిలో ఎక్కడా నిలవదు.

ఇప్పుడు స్పీకర్లను టేపు గుర్తుల దగ్గరికి చేర్చి, యాంప్లిఫయర్ చివరలను కలిపి, వాల్యూమ్ బాగా తగ్గించి ఒక్క గొంతు మాత్రమే ఉన్న పాట పెట్టండి. ఆ గొంతు సరిగ్గా మధ్యలో వినిపించాకే నేల మీది టేపును తీయండి.