డిగ్రీ చదువుతూనే ప్రొఫెసర్ దగ్గర బయాలజీ పరిశోధన చేయడం ఎలా?

1911లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవెంట్ కొలంబియా యూనివర్సిటీలో ఇంకా డిగ్రీ విద్యార్థే. ప్రొఫెసర్ మోర్గన్ ల్యాబ్‌లోని పండు ఈగల లెక్కలు ఇంటికి పట్టుకెళ్ళి, హోంవర్క్ పక్కన పెట్టి, రాత్రి చాలాసేపు కూర్చుని మొట్టమొదటి జన్యు పటం (క్రోమోజోమ్ మీద జన్యువులు ఏ వరసలో ఉన్నాయో చూపేది) తయారుచేశాడు. కాబట్టి డిగ్రీలోనే రీసెర్చ్ ఏంటని వెనకాడకండి.

ముందు మీ యూనివర్సిటీలో ఎవరు దేనిమీద పనిచేస్తున్నారో చూసి, నచ్చిన ఇద్దరు ముగ్గురి పరిశోధన పేపర్లు తలా ఒకటి చదవండి. అంతా అర్థం కాదు, ఫర్వాలేదు. బొమ్మలూ వాటి కింది వివరణా చూసి నిజంగా మీకు వచ్చిన ఒక ప్రశ్న రాసుకుంటే చాలు.

తర్వాత మెయిల్. ఐదారు వాక్యాలు చాలు: ఏ పేపర్ చదివారు, ఏం అడగాలనుకున్నారు, వారానికి ఎన్ని గంటలు రాగలరు. జవాబు రాకపోతే టెన్షన్ పడకుండా వారం ఆగి మళ్ళీ రాయండి. గంటల విషయంలో మాత్రం ఉన్నదే చెప్పండి. ఇరవై గంటలని చెప్పి పరీక్షలప్పుడు మాయమయ్యేవాళ్ళ కంటే ఎనిమిదే అని చెప్పి ప్రతి వారం వచ్చేవాళ్ళే ల్యాబ్‌కి కావాలి, ఎందుకంటే మంచి ఆహారం ఉంటే 37 డిగ్రీల దగ్గర 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఈ.కోలై బ్యాక్టీరియా మీ తీరిక కోసం ఆగదు.

చేరాక మొదట పిపెట్ (కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) మీద చెయ్యి కుదరాలి. బటన్‌ని మొదటి ఆపు దాకా నొక్కి, అప్పుడు చివరున్న ప్లాస్టిక్ మొనని (టిప్) ద్రవంలో ముంచి, మెల్లగా వదలండి. బయటికి వదిలేటప్పుడు రెండో ఆపు దాకా నొక్కాలి. 100 మైక్రోలీటర్ల నీళ్ళు త్రాసు మీద వేస్తే 0.1 గ్రాము తూగాలి. పదిసార్లు వేసి పదిసార్లూ దాదాపు అంతే వస్తే, మీ చేతిని నమ్మొచ్చు.

నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే, పెన్నుతో రాయండి. తప్పు రాస్తే చెరపకుండా ఒక్క గీత కొట్టండి. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి) డీఎన్ఏ బదులు నీళ్ళు వేసిన ట్యూబుకీ జెల్ మీద బ్యాండ్ (డీఎన్ఏ ఉందని చూపే గీత) కనిపించిందనుకోండి, ఎక్కడో ఏదో కలిసిపోయినట్టే. ఆ నీళ్ళు ఏ సీసాలోవో రాసి ఉంటే వెతకడం తేలిక. ఇలాంటిది జరిగితే దాచకండి, నేర్పుతున్న పీహెచ్‌డీ అక్కకో అన్నకో వెంటనే చెప్పండి. చెప్పకపోతే వాళ్ళ నెలల పని పాడవుతుంది.

ఒక సెమిస్టర్ గడిచాక మీకంటూ చిన్న ప్రశ్న ఒకటి ఇమ్మని ప్రొఫెసర్‌ని అడగండి. పేపర్ వస్తే మీ పేరు ఉంటుందా, ఉండాలంటే ఏం చేయాలి అన్నదీ అప్పుడే మొహమాటం లేకుండా మాట్లాడుకోండి.