సంక్రాంతి టెన్షన్ తగ్గించుకుని, చిన్నప్పటి సంబరం మళ్ళీ తెచ్చుకోవడం ఎలా?

కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో సంక్రాంతికి మూడు రకాల స్వీట్లు, రెండు రకాల కారాలు, పదిహేను మంది చుట్టాలు. కనుమ సాయంత్రం మా పాప వచ్చి, "అమ్మా, నువ్వు ఒక్కసారి కూడా మేడ మీదికి రాలేదు" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. చిన్నప్పుడు నాకు పండగలో ఒకటో రెండో పనులు ఉండేవి, అవీ ఇష్టమైనవే. పెద్దయ్యాక పండగ మొత్తం నెత్తిన పడింది, ఆ ఇష్టమైన పని మాత్రం జారిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నేను చేస్తున్నవి ఇవి.

1. ధనుర్మాసం మొదలవగానే పనుల జాబితా రాయండి

డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. అంటే పండక్కి నెల రోజుల టైముంది. చేయాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఎందుకు చేస్తున్నారో రాయండి. "నలుగురూ ఏమనుకుంటారో" అన్న కారణం తప్ప ఇంకేదీ దొరకని పనిని కొట్టేయండి. నా జాబితాలో అలాంటివి సగం పైనే తేలాయి.

2. ప్రయాణం ముందే తేల్చేయండి

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 12న బయల్దేరాలంటే నవంబర్ 13 ఉదయం 8 గంటలకే సిద్ధంగా ఉండాలి. కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళేవాళ్ళు భోగి ముందురోజు సాయంత్రం మాత్రం బయల్దేరకండి. టోల్‌గేట్ల దగ్గరే గంటలు గడిచిపోతాయి. ఒక రోజు ముందు వెళ్ళడానికి సెలవు పెట్టడం మంచిది. తిరుగు ప్రయాణానికి కనుమ వద్దు. ఆ రోజు కాకి కూడా కదలదని పెద్దలు ఊరికే అనలేదు.

3. ఒక్క పిండివంట చాలు, కానీ అందరూ కలిసి చేయండి

మిగిలినవి కొనేయండి, అందులో తప్పేమీ లేదు. ఇంట్లో మాత్రం ఒకటే పెట్టుకోండి. మాకైతే అరిసెలు. తెలంగాణ ఇళ్ళలో సకినాలు చుట్టడానికి ఎలాగూ అందరూ చుట్టూ కూర్చుంటారు.

అరిసెల్లో అసలు సంగతంతా పాకంలోనే. బియ్యం ముందురోజే నానబెట్టి, తడి ఆరకుండానే పిండి కొట్టించాలి. బెల్లం పాకం మరుగుతుంటే చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ఒక చుక్క అందులో వేయండి. అది కరిగిపోకుండా, వేళ్ళకు మెత్తని ఉండలా వస్తే దించేయాలి. ఆ చుక్కను చూసే పని పిల్లలకివ్వండి. మా ఇంట్లో ఆ గిన్నె చుట్టూ నాలుగు తలలు చేరతాయి. "వచ్చింది, వచ్చింది" అని వాళ్ళు అరిచేసరికి నాకూ తొమ్మిదేళ్ళ వయసు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఒకరు పిండి పోస్తే ఒకరు కలపాలి, ఒకరు నువ్వులద్ది ఒత్తితే ఒకరు వేయించి నూనె పిండాలి. ఒంటరిగా చేస్తే చాకిరీ, నలుగురు చేరితే ఆట.

4. చిన్నప్పుడు మీ వంతు పని ఏమిటో గుర్తు తెచ్చుకోండి

నాది భోగి పిడకల పని. ఆవుపేడ చిన్న చిన్న బిళ్ళలుగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, ఎండలో ఆరబెట్టి, దండగా గుచ్చేదాన్ని. ఇంకొకరికి అది ముగ్గు కావచ్చు, గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు పెట్టడం కావచ్చు, గాలిపటానికి సూత్రం కట్టడం కావచ్చు. అదేదో గుర్తుకు రాకపోతే మీ అన్ననో అక్కనో అడగండి. ఆ ఫోన్ కాల్‌తోనే సగం పండగ వచ్చేస్తుంది. ఈసారి ఆ పని ఎవరికీ ఒప్పగించకండి. బాగా రాకపోయినా, ఫొటో తీయకపోయినా పర్లేదు.

గాలిపటం ఎగరేస్తే నూలు దారమే వాడండి. నైలాన్ మాంజా మనుషుల మెడలు, పక్షుల రెక్కలు కోస్తుంది. దాని మీద నిషేధం కూడా ఉంది.

5. దుఃఖం ఉన్న ఇంట్లో నవ్వాలని పట్టుబట్టకండి

సంక్రాంతి పెద్దల పండగ కూడా. పోయినవాళ్ళకు బట్టలు పెట్టుకుని, వాళ్ళకు ఇష్టమైనవి వండి తలుచుకునే రోజు. ఆ ఏడాది ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటే "పండగ చేసుకోరా?" అని అడగకండి. వెళ్ళి కాసేపు కూర్చోండి. ఆ మనిషి గురించి వాళ్ళు చెప్పేది వినండి.

6. భోగి రోజు అందరికంటే ముందు లేవండి

ఫోన్ లోపలే వదిలేసి బయటికి రండి. మంటలో ఎండుకట్టెలు, పిడకలే వేయండి, టైర్లు, ప్లాస్టిక్ వద్దు. పిడకల దండ పిల్లల చేత వేయించండి, ఒకటి మీరూ వేయండి. ఆ సెగ మీదే నీళ్ళ బిందె పెట్టి, కాగేదాకా అక్కడే నిలబడండి. పొగ వాసన పట్టిన ఆ నీళ్ళతో తలంటు పోసుకోండి.