దేవుడా, దెయ్యమా, సైకాలజీనా? ఇలాంటి సిరీస్‌ల రివ్యూలు ఎలా చదవాలంటే

ఓటీటీలో కొత్త సిరీస్ ఏదైనా కనపడిందంటే చాలు, ప్లే నొక్కే ముందు ఫోన్‌లో స్కోర్ చూస్తాం, అందరం చేసేదే. మామూలు క్రైమ్ థ్రిల్లర్‌కి అది సరిపోతుంది. కానీ ఒక పక్క చర్చి, ఇంకో పక్క సైన్స్ పెట్టి ‘నువ్వేది నమ్ముతావో నమ్ము’ అని మధ్యలో మనల్ని కూర్చోబెట్టే సిరీస్‌లు ఉంటాయి చూడండి, వాటి విషయంలో ఆ నంబర్ దాదాపు ఏమీ చెప్పదు, ఎందుకంటే రివ్యూ రాసినాయన సిరీస్ బాగుందా లేదా అనేదానితో పాటు దాని చివర తనకి కావాల్సిన సమాధానం దొరికిందా లేదా అనేది కూడా కలిపేసి మార్కులు వేస్తాడు, చాలాసార్లు ఆ సంగతి ఆయనకే తెలీదు. ఆ రెండిటినీ విడదీసి చదవడం ఎలాగో చెప్తాను. ఉదాహరణకి ‘ఈవిల్’ తీసుకుందాం, దీనికంటే మంచి కేసు దొరకదు.

తెలీనివాళ్ల కోసం రెండు ముక్కలు. రాబర్ట్ కింగ్, మిషెల్ కింగ్ అనే భార్యాభర్తలు తీసిన అమెరికన్ సిరీస్ ఇది, 2019 సెప్టెంబర్‌లో సీబీఎస్ ఛానల్లో మొదలైంది. క్రిస్టెన్ అని ఒక ఫోరెన్సిక్ సైకాలజిస్ట్, ఒకప్పుడు క్యాథలిక్, ఇప్పుడు నమ్మకం లేదు. డేవిడ్ ఫాదర్ అవ్వడానికి చదువుకుంటున్నాడు. బెన్ ముస్లిం కుటుంబంలో పుట్టినా దేన్నీ నమ్మని టెక్నీషియన్. ఎవరికైనా దెయ్యం పట్టిందన్నా, ఎక్కడైనా అద్భుతం జరిగిందన్నా చర్చి తరఫున వీళ్లు ముగ్గురూ వెళ్లి నిజమా కాదా అని చూసొస్తారు, అంతే కథ. నాలుగు సీజన్లు, మొత్తం 50 ఎపిసోడ్లు, 2024 ఆగస్టులో అయిపోయింది. ఇంకో సంగతి, తీసిన ఇద్దరిలో రాబర్ట్ క్యాథలిక్, మిషెల్ యూదు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, మతం పెద్దగా పాటించదు. చెడు అనేది ఎక్కణ్ణుంచి పుడుతుందన్న వాదన ముందు వాళ్లింట్లోనే ఉంది, తర్వాత స్క్రీన్ మీదకి వచ్చింది. రివ్యూల్లో ‘అసలు ఈ సిరీస్ ఎవరి పక్షం’ అని విసుక్కోవడం కనపడితే ఈ ముక్క గుర్తుచేసుకోండి.

సరే, ముందు నంబర్ సంగతి తేల్చేద్దాం. క్రిటిక్స్ రివ్యూలన్నీ ఒకచోట పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో కనపడే శాతం సగటు మార్కు కాదు, వందమంది క్రిటిక్స్‌లో ఎంతమంది ‘ఓకే, చూడొచ్చు’ అన్నారు అనే లెక్క. అందరూ కూడబలుక్కుని 5కి 3 ఇచ్చినా అక్కడ 100 శాతం పడే అవకాశం ఉంది. మన వెబ్‌సైట్లలో 2.75 చూసి దాని అసలు అర్థం పట్టేయడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటే కాబట్టి ఇది కొంచెం వింతగా అనిపిస్తుంది, అక్కడ ‘పర్లేదు’ అన్నవాడూ ‘అద్భుతం’ అన్నవాడూ ఒకే ఓటు. అలాంటిదే ఇంకో వెబ్‌సైట్ మెటాక్రిటిక్ దగ్గర మాత్రం రివ్యూలని 100కి మార్చి సగటు తీస్తారు, కొన్ని పత్రికలకి వెయిట్ ఎక్కువ ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, మొదటిది చాలా ఎక్కువుండి రెండోది మధ్యస్తంగా ఉంటే అందరికీ నచ్చింది గానీ ఎవరికీ పిచ్చెక్కలేదని అర్థం.

ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది, సీజన్లు పెరిగే కొద్దీ రాసేవాళ్లు తగ్గిపోతారు. మొదటి సీజన్‌కి ప్రతి పత్రికా రాస్తుంది, నచ్చనివాళ్లు అక్కడితో దిగిపోతారు, మూడో నాలుగో సీజన్‌కి వచ్చేసరికి రాసేది ఎక్కువగా అభిమానులే. ‘ఈవిల్’ తర్వాతి సీజన్ల స్కోర్లు మొదటిదానికంటే మెరుగ్గా కనపడతాయి, నిజంగా కూడా అది తర్వాత బాగా బలపడింది అనే నా అభిప్రాయం, అయినా సరే ఎంతమంది రాశారన్న సంఖ్య చూడకుండా ఆ శాతాన్ని నమ్మకండి.

తర్వాత చూడాల్సింది రివ్యూ తేదీ. ఇది జనం అస్సలు పట్టించుకోరు. అమెరికాలో సిరీస్ మొదలవ్వకముందే క్రిటిక్స్‌కి మొదటి కొన్ని ఎపిసోడ్లు పంపిస్తారు, వాళ్లు అవి చూసి రాసేస్తారు, ఆ రివ్యూనే ఏళ్ల తరబడి నెట్‌లో తిరుగుతుంది. 2019 సెప్టెంబర్ తేదీతో ఉన్న ‘ఈవిల్’ రివ్యూ చదివితే వారానికో కేసు, ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు వింత కేసులు తేల్చే పాత అమెరికన్ సిరీస్ ఎక్స్-ఫైల్స్ ఫార్ములా, విలన్‌గా మైకేల్ ఎమర్సన్ బాగా చేశాడు, ఇంతవరకే ఉంటుంది. అందులో తప్పేం లేదు, వాళ్లు చూసింది అంతే. కానీ 2021 జూన్‌లో రెండో సీజన్ నుంచి ఇది సీబీఎస్ వదిలేసి పారామౌంట్ ప్లస్‌కి వెళ్లింది, ఛానల్ కట్టుబాట్లు పోయాయి, బూతులూ రక్తం సరే, ముఖ్యంగా పిచ్చి ఐడియాలకి ధైర్యం వచ్చింది. మౌనవ్రతం పాటించే మఠంలో దాదాపు మాటల్లేకుండా నడిచే ఎపిసోడ్ ఒకటి ఆ సీజన్‌లోదే. దెయ్యాలని కళ్లతో చూడగలిగే సిస్టర్ ఆండ్రియా పాత్ర, ఆండ్రియా మార్టిన్ చేసింది, అది కూడా అప్పుడే వచ్చింది. ఈ రెండూ తెలీకుండా రాసిన రివ్యూ చదివి ‘ఓ, ఇదింతేనా’ అని వదిలేసినవాళ్లు చాలామందే ఉన్నారు. కాబట్టి రెండో సీజన్ మీద రాసింది కనీసం ఒకటైనా చదవండి.

ఇప్పుడు అసలు పాయింట్. రివ్యూ చదువుతూ ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈయన సమాధానం కోసం చూస్తున్నాడా, ప్రశ్నతో సరదాగా ఉండగలడా? ‘ఈవిల్’లో చాలా కేసులు ఒకే తీరు, బెన్ వైరో, సాఫ్ట్‌వేరో, పైపో ఏదో ఒక కారణం కనిపెడతాడు, హమ్మయ్య అనుకుంటాం, చివర్లో ఆ కారణంతో తేలని చిన్న ముక్క ఒకటి మిగిలిపోతుంది. ఇదే పద్ధతిని ఒక క్రిటిక్ ‘తెలివైన సందిగ్ధత’ అంటాడు, ఇంకో క్రిటిక్ ‘తేల్చకుండా నాన్చుతున్నారు’ అంటాడు. ఇద్దరూ చూసింది ఒకటే! తిట్టు, పొగడ్త పక్కన పెట్టి దేని గురించి మాట్లాడుతున్నారో అది తీసుకోండి, ఆ లక్షణం మీకు పడుతుందా లేదా మీరే చెప్పుకోండి. మైక్ ఫ్లానగన్ 2021లో నెట్‌ఫ్లిక్స్‌కి తీసిన ‘మిడ్‌నైట్ మాస్’ కూడా ఇలాగే, ఏడు ఎపిసోడ్లు, చిన్న దీవి, కొత్తగా వచ్చిన ఫాదర్, చావు గురించీ దేవుడి గురించీ పాత్రలు నిమిషాల తరబడి మాట్లాడతాయి. ఆ ప్రసంగాల కోసమే చూడమన్నవాళ్లు ఉన్నారు, ఆ ప్రసంగాల వల్లే చూడలేకపోయామన్నవాళ్లూ ఉన్నారు. నాకైతే అవే నచ్చాయి, కానీ రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో మాత్రం పెట్టకండి.

ఇలా సమాధానం కోసమే చూసిన విమర్శల్లో బాగా పేరున్నది 1996లో వచ్చింది, నాస్తికుడిగా పేరున్న బ్రిటిష్ సైంటిస్ట్ రిచర్డ్ డాకిన్స్ బీబీసీలో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో. ఎక్స్-ఫైల్స్ మీద ఆయన కంప్లైంట్ ఏంటంటే, ప్రతి వారం సైన్స్ వివరణ ఒకటి, అతీంద్రియ వివరణ ఒకటి పోటీకి పెడతారు, ప్రతి వారం సైన్సే ఓడిపోతుంది. ఒక్కసారైతే కథే కదా అనుకోవచ్చు, వారం వారం అదే అయితే అది పక్షపాతం అని ఆయన వాదన, నల్లవాడు, తెల్లవాడు ఇద్దరే అనుమానితులున్న క్రైమ్ సీరియల్లో ప్రతి వారం నల్లవాడే దొంగ అని తేలితే ఒప్పుకుంటామా అన్నాడు. గట్టి వాదనే, కాదనలేం. అయితే ఆయన ఎవరు గెలిచారన్న లెక్క మాత్రమే చూశాడు. ఆ సిరీస్‌లోని ఇద్దరు ఏజెంట్లలో డేనా స్కల్లీ సైన్స్ మనిషి, ఫాక్స్ మల్డర్ నమ్మే మనిషి, అది చూసినవాళ్లందరికీ తెలుసు, కానీ ఆవిడ మెడలో శిలువ ఉంటుంది, కేసు క్రైస్తవ మతానికి సంబంధించిందైతే పాత్రలు తిరగబడతాయి, ఆవిడ నమ్ముతుంది, గ్రహాంతరవాసుల్ని నమ్మే మల్డర్ మొహం చిట్లిస్తాడు. 1995లో వచ్చిన ‘రెవెలేషన్స్’ ఎపిసోడ్ అచ్చం ఇదే. పైగా ప్రతి వారం ఓడిపోతుందన్న ఆ స్కల్లీని చూసి సైన్స్ వైపు వెళ్లిన అమ్మాయిలు ఎంతమందో! 2018లో, తెర మీద ఆడవాళ్లని ఎలా చూపిస్తున్నారో పరిశోధించే జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలో, ఆ పాత్ర తెలిసి సైన్స్, టెక్నాలజీ రంగాల్లో పనిచేస్తున్న మహిళల్లో 63 శాతం స్కల్లీ తమకి రోల్ మోడల్ అన్నారు. అంటే కథలో ఎవరు గెలిచారన్నదీ, చూసినవాళ్ల మీద ఏం పడిందన్నదీ వేరే వేరే. రివ్యూ మొదటిదే చెప్తుంటే రెండోది మీరు ఇంకోచోట వెతుక్కోవాలి.

అందుకే కనీసం మూడు రకాల రివ్యూలు చదవమంటాను, భక్తి ఉన్నవాళ్లది ఒకటి, హేతువాదులది ఒకటి, ఈ గొడవ పట్టని మామూలు టీవీ క్రిటిక్‌ది ఒకటి. భక్తులు రాసినదాంట్లో కథ గురించి కాకుండా పద్ధతి గురించి చూడండి, కన్ఫెషన్ (ఫాదర్‌కి పాపాలు చెప్పుకోవడం), ఎక్సార్సిజం (దెయ్యాన్ని వదిలించే ప్రార్థన), చర్చి లోపలి రాజకీయాలు సరిగ్గా చూపించారా అనేది వాళ్లకే బాగా తెలుస్తుంది. హేతువాదులు రాసినదాంట్లో సైకాలజిస్ట్ నోట పెట్టిన సైన్స్ నిజమైనదా, ఊరికే పెద్ద పదాలా అనేది చూడండి. టీవీ క్రిటిక్ దగ్గర నటన, జోకులు, ఎడిటింగ్. జోకులు అని ఎందుకన్నానంటే ‘ఈవిల్’ చాలావరకు కామెడీ కూడా, ఒకేసారి నలుగురూ మాట్లాడే క్రిస్టెన్ కూతుళ్లు, తన బాధలు చెప్పుకోవడానికి మేక తలకాయ ఉన్న దెయ్యం థెరపిస్ట్ దగ్గరికి వెళ్లే విలన్, ఇవన్నీ ఉన్నాయి. కామెడీ అనే మాటే లేని రివ్యూ కనపడితే ఆయన రెండు ఎపిసోడ్లు చూసి రాశాడనుకోవచ్చు.

మనలో చాలామందికి క్యాథలిక్ పద్ధతులు తెలీవు, ఇంగ్లీష్ రివ్యూలేమో అవి తెలుసనుకునే రాస్తాయి, అందుకని చిన్న విషయం ఒకటి ముందే తెలుసుకోండి. క్యాథలిక్ చర్చిలో అసలైన ఎక్సార్సిజం ఎవరుపడితే వాళ్లు చెయ్యకూడదు, బిషప్ అనుమతి ఉన్న ఫాదర్ మాత్రమే చెయ్యాలి, అది జబ్బో, మానసిక సమస్యో కాదని ముందు చూసుకోవాలి, 1999లో సవరించిన విధానంలో ఈ జాగ్రత్త రాసి ఉంది. అంటే చర్చి ఒక నమ్మకంలేని సైకాలజిస్ట్‌ని పనికి పెట్టుకోవడం మరీ గాల్లోంచి పుట్టిన ఐడియా ఏం కాదు. ‘కాన్సెప్టే సిల్లీ’ అని కొట్టిపారేసిన రివ్యూ కనపడితే ఆయనకి ఈ సంగతి తెలీదని అర్థం, మిగతా మాటలకి కూడా కాస్త తగ్గించి విలువ ఇవ్వండి.

రిలీజ్‌కి ముందు రేగే గోలని పూర్తిగా పక్కన పెట్టేయండి. నెట్‌ఫ్లిక్స్ ‘మెసయ్యా’ 2020 జనవరి 1న వచ్చింది, కానీ ట్రైలర్ దగ్గరే గొడవ మొదలైపోయింది, అందులో కొంత భాగం షూట్ చేసిన జోర్డాన్ దేశపు ఫిల్మ్ కమిషనే మా దగ్గర వెయ్యొద్దని నెట్‌ఫ్లిక్స్‌ని అడిగింది. మెసయ్యా అని జనం నమ్మే ఒక మనిషి నిజంగా దేవుడు పంపినవాడా మోసగాడా అన్నదే సిరీస్ మొత్తం, తీర్పులేమో ఒక్క ఎపిసోడ్ కూడా చూడకముందే వచ్చేశాయి. అదే ఏడాది మార్చిలో క్యాన్సిల్ చేసేశారు. దాని రేటింగులు చూసేటప్పుడు మొదటి వారంలో 1 స్టార్, 10 స్టార్లు ఇచ్చినవాళ్లని వదిలేసి మధ్యలో 5, 6, 7 ఇచ్చినవాళ్లవి చదవండి, చూసి రాసినవాళ్లు ఎక్కువగా అక్కడే దొరుకుతారు.

ఫినాలే, అంటే చివరి ఎపిసోడ్ రివ్యూలు మాత్రం సిరీస్ చూడటం అయ్యాకే చదవండి. ‘ఈవిల్’ని నాలుగో సీజన్‌తో ఆపేస్తున్నామని 2024 ఫిబ్రవరిలో చెప్పారు, కథ ముగించుకోడానికి నాలుగు ఎపిసోడ్లు అదనంగా ఇచ్చారు, అందుకే చివరి రివ్యూల్లో ఆపేశారన్న కోపం, వీడ్కోలు బాధ బాగా కలిసిపోయి ఉంటాయి. పైగా స్పాయిలర్లు. చూద్దామా వద్దా అని ఇంకా ఊగుతుంటే మొదటి సీజన్ పైలట్ (మొట్టమొదటి ఎపిసోడ్) ఒకటి, రెండో సీజన్‌లో ఆ మౌనవ్రతం ఎపిసోడ్ ఒకటి చూడండి, దాని పేరు ‘ఎస్ ఈజ్ ఫర్ సైలెన్స్’, కథ మధ్యలోది అయినా పెద్దగా ఇబ్బంది ఉండదు. రెండూ నచ్చకపోతే ఎన్ని శాతాలున్నా వదిలేయొచ్చు.